అమ్ముగూడ నుండి జకార్తా దాకా

శనివారం ఉదయం ఆక్లాండు మైదానాల పక్కన, చలికి వణుకుతూ పిల్లల ఫుట్‌బాలు చూసే తల్లిదండ్రులలో మనవాళ్ళు ఇప్పుడు తక్కువేమీ కాదు. ఆ మధ్య ఆట ముగిశాక మా అబ్బాయి అడిగాడు: "నాన్నా, మన హైదరాబాదులో పెద్ద ఫుట్‌బాలు ఆటగాళ్ళు ఉండేవారా?" క్రికెట్టు పేర్లయితే పది చెప్పేవాళ్ళం. దీనికి మాత్రం చప్పున నోరు పెగలలేదు. ఆ సిగ్గుతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఒకప్పుడు భారత ఫుట్‌బాలుకు హైదరాబాదు పుట్టినిల్లు లాంటిది. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. ఆయన కంటబడినవాడే తులసీదాస్ బలరామ్.

బలరామ్ 1936లో సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. తల్లిదండ్రులు తమిళులు, పేద కుటుంబం. శిక్షణకు వచ్చే స్తోమతు లేదంటే, సైకిలు అద్దెకు రహీం సాబే రోజుకో రూపాయి ఇచ్చేవారట. ఇరవై ఏళ్ళకే ఆ కుర్రాడు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. మనకు సముద్రం అవతలి ఒడ్డే కదా! అక్కడ భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 1960లో రోములో హంగరీ మీద 1-2తో ఓడినా, మన ఒక్క గోలూ బలరామ్‌దే. పెరూ మీద కూడా ఆయనే గోలు చేశాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో గెలిచి స్వర్ణం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరామ్: ఈ ముగ్గురి పేర్లూ కలిపే చెప్పుకునేవారు.

మరుసటి ఏడే క్షయ సోకి, 27వ ఏట ఆట మానుకున్నాడు. అదే 1963 జూన్‌లో రహీం ఊపిరితిత్తుల కాన్సరుతో కన్నుమూశారు.

వైద్యులం గనుక మమ్మల్ని ఇక్కడే ఆలోచన పట్టుకుంది. అప్పటికి క్షయకు మందులు లేక కాదు. స్ట్రెప్టోమైసిన్ 1940లలోనే వచ్చింది. ఐసోనియాజిడ్ 1952లో వచ్చింది. శానిటోరియంలో చేరకుండా ఇంట్లో ఉండి మందులు వాడినా రోగం అంతే బాగా నయమవుతుందని 1959లో మద్రాసు పరిశోధనే లోకానికి చూపింది. కాని ఆ చికిత్స ఏడాదికి తగ్గేది కాదు. రోగం నయమైనా ఊపిరితిత్తులలో మచ్చ మిగిలిపోవచ్చు. మామూలు మనిషికి ఆ లోటు తెలియకపోవచ్చు. పరుగే జీవనమైన మనిషికి అది చాలు. ప్రాణం దక్కడం వేరు, ఆట దక్కడం వేరు. రోగికి "నయమైంది" అని చెప్పి పంపేటప్పుడు మేము ఈ తేడా మరిచిపోతుంటాం.

బలరామ్ ఆ తరువాత అరవై ఏళ్ళు బతికాడు. బెంగాలులోని ఉత్తర్‌పాడాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశాడు. అర్జున అవార్డు వచ్చింది గాని, చునీకి, పి.కె.కు దక్కిన పద్మశ్రీ ఆయనకు దక్కలేదు. అంతకన్నా పెద్ద లోటు, సొంత ఊరివాళ్ళమైన మనకే ఆ పేరు తెలియకపోవడం.

మా అబ్బాయికి ఇదంతా చెప్పాం. "సైకిలు అద్దె రూపాయా?" అని వాడు ఆశ్చర్యపోయాడు. మీ పిల్లలకూ చెప్పండి. బిరుదులు ఇవ్వడం మన చేతిలో లేదు. పేరు తలుచుకోవడం మన చేతిలోనే ఉంది.