మదురై, కోయంబత్తూరు తెలుగువారి కావ్యపఠనం

తింటే గారెలు తినాలి, వింటే భారతం వినాలి అన్న సామెతను ఎరుగని తెలుగువారు అరుదు. ఒక గ్రంథాన్ని గురించి ఒక పాఠకుడు మరొకరికి చేసిన సిఫారసులలో ఇంతకంటె క్లుప్తమైనది మన భాషలో కన్పించదు. ఈ మాట మొదట ఎవరన్నారో తెలియదు. పండితుడే అనవలసిన అవసరమూ లేదు. పైగా ఆ అన్నవారు ‘చదివితే’ అనక ‘వింటే’ అనడం గమనింపదగినది. అక్షరం రానివారికి సైతం భారతం మీద అభిప్రాయం ఉండేదనడానికి ఆ ఒక్క క్రియాపదం చాలు.

మన సాహిత్య చరిత్రలు కవిని గురించి, కృతిపతిని గురించి విస్తారంగా చెబుతాయి. చదివినవారి ప్రస్తావన వాటిలో అంతగా రాదు. దక్షిణాదిన స్థిరపడిన తెలుగువారి విషయంలో ఇది పెద్ద లోపం. మధుర నాయక రాజ్యం 1529 ప్రాంతంలో ఏర్పడి 1736లో అంతరించింది. ఆ తరువాత తెలుగు కవిని పోషించే ప్రభువు మదురైలో లేడు. అయినా ఆ కావ్యాలు నశింపలేదు. వాటిని నిలిపినవారు రాజులు కారు, చదివి బాగున్నదని ఇరుగుపొరుగుకు చెప్పుకొన్న సామాన్యులు.

విజయనగర సైన్యాలతోను, ఆ వెనుకను తమిళదేశానికి వచ్చిన తెలుగువారు పాళెములలో, నల్లరేగడి పల్లెలలో, నేతగాండ్ర వీధులలో కుదురుకొన్నారు. కొంగునాటి కోయంబత్తూరు పరిసరాలలోని కమ్మవారు, బలిజలు, దేవాంగులు ఇంటిభాషను తరతరాలుగా నోటనే నిలుపుకొంటూ వచ్చారు. చుట్టూ తమిళం, ఇంట తెలుగు. అటువంటిచోట ప్రౌఢమైన ప్రబంధ పద్యం తరం తరానికీ దూరమవుతూ పోవడం సహజం.

మధుర ఆస్థానంలో వచన రచన ఎందుకంత విస్తరించిందో ఈ దృష్టితో చూస్తే బోధపడుతుంది. 1706 నుండి 1732 వరకు తిరుచిరాపల్లి రాజధానిగా పాలించిన విజయరంగ చొక్కనాథుడు తానే శ్రీరంగ మాహాత్మ్యాన్ని, మాఘ మాహాత్మ్యాన్ని వచనంలో రచించాడు. ఆయన కొలువులోని సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని, సారంగధర చరిత్రను వచనంగా వ్రాశాడు. జైమిని భారతాన్ని పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు పదునైదవ శతాబ్దిలోనే పద్యకావ్యంగా తెనిగించి ఉన్నాడు. ఉన్న కథను మరల వచనంలో చెప్పడమేమి? పద్యం కంఠస్థం చేసేవానికి అనుకూలం. వచనం పదిమందిని కూర్చోబెట్టుకొని చదివి వినిపించేవానికి అనుకూలం. మాఘస్నానం చేసి వచ్చి కథ వినే గృహిణికి, శ్రీరంగం యాత్రకు వచ్చిన రైతుకు అన్వయక్లేశం లేని గ్రంథం కావలసి ఉంటుంది. ఈ వచనాలను పండితులు చాలకాలం రెండవ పంక్తిలోనే కూర్చోబెట్టారు. అది న్యాయమైన తీర్పుగా తోచదు. ప్రబంధయుగపు నీడలోనే తెలుగు వచనం ఇంత ధైర్యంగా నడవడం చిన్న విషయం కాదు.

అదే ఆస్థానంలో వెలసిన మరొక కృతి శేషము వేంకటపతి తారాశశాంక విజయం. గురుపత్నికీ శిష్యునికీ నడుమ ప్రణయమే కథావస్తువు. ఈ కావ్యంపై చదివినవారు ఏనాడూ ఏకాభిప్రాయానికి రాలేదు. శైలి తేనెవంటిదని ఒకరు, కథ నోట చెప్పరానిదని ఒకరు. రెండూ నిజమేనని నవ్వి ఊరకుండేవారు మరికొందరు. పందొమ్మిదవ శతాబ్ది చివర సంస్కరణోద్యమం వచ్చిన తరువాత ఇటువంటి కావ్యాలపై విమర్శ తీవ్రమైంది. 1914లో వెలువడిన కవిత్వతత్త్వ విచారంలో కట్టమంచి రామలింగారెడ్డి ప్రబంధ ధోరణినే నిశితంగా ప్రశ్నించి, పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని ఎత్తిపట్టారు. అది విద్వాంసుని వాదం. సామాన్య పాఠకుల వాదం ఎక్కువగా మాటలలోనే సాగింది, మాటలలోనే పోయింది.

కొన్ని మాటలు మాత్రం మిగిలాయి. నైషధం విద్వాంసులకు ఔషధమన్న నానుడి, పంచకావ్యాలన్న లెక్క, ‘పిల్ల వసుచరిత్ర’లన్న ఎత్తిపొడుపు అటువంటివి. రామరాజభూషణుని వసుచరిత్రను అనుకరిస్తూ తరువాతివారు వ్రాసిన ప్రబంధాలకు ఆ పేరు తగిలింది. ఒక గ్రంథానికి ఇరవై పుటల విమర్శ చేయలేని హానిని ఆ రెండు మాటలు చేయగలవు. పంచకావ్యాల జాబితా సైతం అందరికీ ఒకటి కాదు. ఒకరు చేర్చినదానిని ఇంకొకరు తీసివేసి, తమకు ప్రియమైనదానిని ఎక్కిస్తారు. తంజావూరు రఘునాథ నాయకుని ఆస్థానకవి చేమకూర వెంకటకవి విజయవిలాసాన్ని అభిమానించిన పాఠకులకు కొరత లేదు. మూడు శతాబ్దాల తరువాత తాపీ ధర్మారావు ఆ కావ్యంలోని చమత్కారాలను పద్యపద్యానికీ విప్పిచెప్పి హృదయోల్లాస వ్యాఖ్య వ్రాశారు. దానికి 1971లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. ఆ వ్యాఖ్య చదువుతూంటే, నచ్చిన పుస్తకాన్ని చేతబట్టుకొని ‘ఇది చూడండి, ఇది చూడండి’ అనే మిత్రుడు పక్కన కూర్చున్నట్లే ఉంటుంది.

గ్రంథం చేతులు మారిన తీరుకు మదురైలోనే ఒక నిదర్శనమున్నది. త్యాగరాజస్వామి (1767–1847) శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతారు సౌరాష్ట్ర కుటుంబంలో పుట్టినవాడు. అయ్యంపేటలో ఉంటూ తిరువయ్యారు వెళ్లి గురువువద్ద సంగీతం అభ్యసించాడు. గురువు కృతులను ఓపికగా వ్రాసిపెట్టాడు. ఆయన వంశీయులవద్ద నిలిచిన వ్రాతప్రతుల సేకరణ మదురై సౌరాష్ట్ర సభకు చేరింది. త్యాగరాజస్వామి నిత్యం పారాయణ చేసినదిగా చెప్పుకొనే పోతన భాగవత ప్రతి కూడ అక్కడిదే. ఓరుగల్లు ప్రాంతపు కవి గ్రంథం, కావేరీతీరపు వాగ్గేయకారుని చేతిలో నలిగి, తెలుగు ఇంటిభాష కాని వారి సంరక్షణలో మదురైలో నిలిచింది. ఈ వరుసలో ఎక్కడా రాజాజ్ఞ లేదు.

అచ్చు వచ్చిన తరువాత వ్యవహారం మారింది. 1854లో మదరాసులో నెలకొన్న వావిళ్లవారి ముద్రణాలయం ప్రాచీన కావ్యాలను సామాన్యుని ఇంటికి చేర్చింది. తాళపత్రం ఎరువు తెచ్చుకొనే రోజులు పోయి, పుస్తకం కొనుక్కొనే రోజులు వచ్చాయి. తగవులూ వీధికెక్కాయి. తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని కందుకూరి వీరేశలింగం గర్హించారు. బెంగళూరు నాగరత్నమ్మ (1878–1952) అదే కావ్యాన్ని చదివి ముగ్ధురాలయ్యారు. అచ్చుప్రతిలో పద్యాలు తొలగింపబడినవని గ్రహించి, వ్రాతప్రతి సంపాదించి, 1910లో వావిళ్లవారి ద్వారా పూర్తి గ్రంథాన్ని ప్రకటించారు. పురుషులు వ్రాస్తే చెల్లిన శృంగారం స్త్రీ వ్రాస్తే ఎందుకు చెల్లదని ఆమె అడిగారు. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మదరాసు ప్రధానిగా ఉన్నప్పుడు గాని ఆ నిషేధం తొలగలేదు. తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి మందిరం కట్టించినదీ ఆ నాగరత్నమ్మగారే. వీరేశలింగంగారి పట్ల గౌరవం ఉన్నవారు కూడ ఈ ఒక్క తగవులో నాగరత్నమ్మగారి పక్షానికే మొగ్గడం తప్పు కాదు.

తమిళనాడులో తెలుగు మాతృభాషగా నమోదు చేసుకొన్నవారు 2011 జనగణన ప్రకారం సుమారు 42 లక్షలు. వీరిలో అక్షరాలు చదవగలిగినవారెందరో జనగణన చెప్పదు. కోవిల్పట్టి సమీపాన ఇడైసెవల్‌కు చెందిన కి. రాజనారాయణన్ తెలుగు కుటుంబంలో పుట్టి, తన పూర్వులు దక్షిణాదికి వలస వచ్చిన కథను గోపల్ల గ్రామం (1976) అన్న నవలగా తమిళంలో వ్రాశారు. దాని కొనసాగింపు నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అవ్వల నోట విన్న తెలుగు కథలు మహారచయిత చేతిలో తమిళ అక్షరాలుగా మారాయి. అందులో దోషమేమీ లేదు. అయితే చదువు వేరొక లిపిలో సాగిన ఇళ్లలో వావిళ్ల ప్రతులు పెట్టె అడుగున పడి ఉండడమూ అంతే నిజం. 2006లో వచ్చిన తమిళ అధ్యయన చట్టం తరువాత మైనారిటీ భాషల పాఠశాలలు తమ పిల్లల కొరకు న్యాయస్థానాలను ఆశ్రయించవలసి వచ్చింది.

కోయంబత్తూరు నేతవీధులలో, మదురై పాతపేటలలో గారెలు వండిన రోజున సామెత ఈనాటికీ వినబడుతుంది. తెలుగు మాధ్యమంలో చదివే పిల్ల సాయంత్రం ఇంటికి వెళ్లి గజేంద్రమోక్షం పాఠం పైకి చదువుతూంటే, ఎక్కడైనా తడబడినచోట వంటింటినుండి అవ్వ అందుకొంటుంది. ఆమెకు పద్యం వచ్చు, అక్షరాలు రావు.