చేరదీసిన ప్రాణికోసం ఎత్తిన కర్ర: పెంపుడు జంతువుల రక్షణలో బలప్రయోగ నైతికత

పెంపుడు జంతువుపై మరో జంతువు గాని మనిషి గాని దాడికి దిగినప్పుడు దానిని కాపాడడానికి ఎంత బలాన్ని ప్రయోగించవచ్చునన్న ప్రశ్నకు మన న్యాయశాస్త్రం ఆస్తి పరిభాషలో సమాధానం చెబుతుండగా, పెంచినవారు మాత్రం దానిని ఎన్నడూ ఆస్తి ప్రశ్నగా ఎంచలేదు. ఈ రెండు దృష్టుల నడుమ ఉన్న ఎడాన్ని పరిశీలించి, అట్టి బలప్రయోగానికి నైతికమైన ఆధారం ఏమిటో, అది ఎక్కడ ఆగిపోవాలో నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ప్రాంతంలో ఈ ప్రశ్న పుస్తకాల ప్రశ్న కాదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి కోతలు ముగిశాక కొయ్యకాళ్ళలో గొర్రెల మందలు మేస్తాయి. ఎరువుకోసం రైతులు రాత్రిపూట తమ మడులలో మంద పెట్టించుకుంటారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీపై 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ ప్రారంభించిన తరువాత మందల రక్షణ మరిన్ని కుటుంబాల బాధ్యత అయింది. సూర్యాపేట చెంత దురాజ్‌పల్లి పెద్దగట్టుపై రెండేళ్ళకోసారి లింగమంతుల స్వామి జాతర జరుపుకునే యాదవుల జీవితంలో గొర్రె జీవనాధారమూ, మొక్కుబడీ, కొన్నిసార్లు పిల్లలు పేరు పెట్టి పిలుచుకునే ఇంటి ప్రాణీ కూడా. పెంపుడు జంతువు వేరు, పశుసంపద వేరు అని నగరవాసి గీసే గీత ఇక్కడ అంత స్పష్టంగా నిలవదు. తల్లి చనిపోతే సీసాపాలు పట్టి పెంచిన గొర్రెపిల్ల మెడను వీధికుక్క పట్టుకున్నప్పుడు కాపరి కర్ర ఎత్తేది దాని సంతవెలను లెక్కగట్టి కాదు.

చట్టం చెప్పేది ముందుగా చూడాలి. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 34 నుండి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును, అంటే అధికారుల సాయం అందేలోపు తన శరీరాన్ని, ఇతరుల శరీరాన్ని, ఆస్తిని నేరం నుండి కాపాడుకొనడానికి బలం వాడే హక్కును, వివరిస్తాయి. జంతువు చరాస్తి కిందికి వస్తుంది గనుక మేకను దొంగిలించేవాడిని, కుక్కను గొడ్డలితో నరకబోయేవాడిని అడ్డుకునే హక్కు యజమానికి 35వ సెక్షన్ వల్ల లభిస్తుంది. అయితే రక్షణకు అవసరమైనదానికన్నా ఎక్కువ హాని చేయరాదనీ, అధికారులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆ హక్కే లేదనీ 37వ సెక్షన్ షరతు విధిస్తుంది. ఆస్తికోసం ప్రాణం తీయడం 41వ సెక్షన్ పేర్కొన్న తీవ్ర పరిస్థితులలో తప్ప కుదరదు. ఈ హద్దు నైతికంగా కూడా సరైనదే. కుక్క యజమానికి ఎంత ఆప్తమైనదైనా, మనుషులకు ప్రాణాపాయం లేనిచోట దానికోసం మనిషిని చంపడాన్ని సమర్థించే వాదన నిలవదు.

దాడి చేసింది మరో జంతువైతే చిక్కు పెరుగుతుంది. ఆత్మరక్షణ హక్కు నేరానికి ఎదురుగా పుట్టేది. జంతువు నేరం చేయజాలదు. అందువల్ల అక్కడ ఆశ్రయించవలసింది 19వ సెక్షన్‌ను. నేర ఉద్దేశం లేకుండా, సద్బుద్ధితో, మనుషులకు గాని ఆస్తికి గాని జరగబోయే మరో హానిని తప్పించడానికి చేసిన పని నేరం కాదని చెప్పే అవసర సూత్రం అది. ఆ హాని ఎంత సమీపంలో ఉంది, దానికోసం ఈ పని చేయడం తగునా అన్నది ప్రతి సందర్భంలోనూ వాస్తవాలను బట్టి తేల్చవలసిందే. ఇక నీతిశాస్త్రంలో ఇట్టి జంతువును నిర్దోషి అయిన దాడిదారు అనవచ్చు: అపాయం దానివల్లే వస్తుంది, అపరాధం మాత్రం దానిది కాదు. శిబి చక్రవర్తి కథలోని లోతు ఇక్కడ తెలుస్తుంది. శరణు జొచ్చిన పావురాన్ని విడువనన్న రాజు, వెంటాడి వచ్చిన డేగను చంపించడు; ఆకలి దాని ధర్మమని ఒప్పుకొని తన మాంసాన్ని తూచి ఇస్తాడు. సామాన్యులనుండి అంత త్యాగాన్ని ఎవరూ కోరలేరు, కోరరాదు కూడా. కాని రక్షించే బాధ్యత, దాడి చేసిన ప్రాణిపై ద్వేషం ఒకటి కావని ఆ కథ చూపిన తీరు ఏ శాస్త్రగ్రంథానికీ తీసిపోదు.

ఈ రెండూ కలిసిపోతే ఏమవుతుందో 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకల్ మండలం పొన్నకల్‌లో కనిపించింది. ఒక రాత్రి కారులో వచ్చినవారు గ్రామంలోని 20 వీధికుక్కలను తుపాకితో కాల్చి చంపారు. తరువాత ముగ్గురిని అరెస్టు చేసిన పోలీసుల కథనం ప్రకారం, వారిలో ఒకరి పెంపుడు కుక్కలపై అంతకుముందు వీధికుక్కలు దాడి చేయగా ఒకటి చనిపోయింది. ఆ కక్షే ఈ పనికి కారణం. ఆ కథనమే నిజమైతే, దాడి జరిగిన క్షణాన ఆ యజమాని కర్రతో కొట్టి, అవసరమైతే కరుస్తున్న కుక్కను చంపి అయినా, తన కుక్కను విడిపించుకొని ఉంటే తప్పు పట్టడం కష్టం. దాడి ముగిసి, రోజులు గడిచి, ఏ కుక్క కరిచిందో తేల్చుకోకుండానే ఊరి కుక్కలన్నిటిపై గురిపెట్టినప్పుడు కాపాడవలసిన ప్రాణి అక్కడ లేదు. బలం అదే, బాధ అదే. కాలం మారడంతో ఆ పని స్వభావమే మారిపోయింది. ఆస్తికి నష్టం కలిగిస్తున్న మనిషిపై కూడా, ఆ పని సాగుతున్నంతసేపే ఆత్మరక్షణ హక్కు నిలుస్తుందని 43వ సెక్షన్ చెబుతుంది. మనుషులకు ఉద్దేశించిన ఆ నియమం, తప్పొప్పులు ఎరుగని జంతువుల విషయంలో ఇంకెంత గట్టిగా వర్తించాలో వేరుగా చెప్పనక్కరలేదు.

కాటమరాజు కథ ఈ విషయాన్ని ఏనాడో పెద్ద ఎత్తున చూపింది. కరవు వల్ల ఆవులను తోలుకొని నెల్లూరి సీమకు వెళ్ళిన గొల్లలు పుల్లరి, అంటే మేతపన్ను, ఒప్పందంపై నల్లసిద్ధి రాజు బీళ్ళలో మందలను మేపుతారు. పాఠాంతరాలలో వివరాలు మారినా కథ ముడి ఒకటే: రాజు ప్రియురాలి పెంపుడు చిలుక ఆవులను బెదరగొట్టిందని గొల్లలు దానిని బాణంతో కూలుస్తారు, ఆమె పగబట్టి ఆవులను చంపిస్తుంది, గొల్లల నాయకుడైన కాటమరాజు పుల్లరి ఇవ్వననడంతో యుద్ధం వస్తుంది, ఖడ్గతిక్కన వంటి వీరుడు అందులో నేలకూలుతాడు. రెండు పక్షాలూ తమ ప్రాణులకోసమే పోరాడామని చెప్పుకోగలవు. మందను కాపాడుకొనడం గొల్లల విధి అయినా, అదిలిస్తే ఎగిరిపోయే చిలుకకు బాణం అక్కరలేదు. చిలుకపై ఆమె ప్రేమ నిజమైనా, ఆవుల చావు చిలుకను తిరిగి తేలేదు. మొదటిది మోతాదు తప్పిన రక్షణ, రెండవది కేవలం పగ. వీరగాథగా పాడుకునే ఈ కథను ఈ దృష్టితో చదివినవారు తక్కువ.

ఇంతకూ పెంపుడు జంతువుకోసం బలం వాడే హక్కు ఎక్కడినుండి వస్తుంది? యాజమాన్యం నుండి అనడం చాలదు. అలాగైతే బియ్యం బస్తాకూ దూడకూ తేడా ఉండదు. మనిషి ఒక ప్రాణిని కట్టుకొయ్యకు కట్టి, గొలుసు వేసి, పారిపోయే దారినీ పోరాడే అలవాటునూ దానినుండి తీసివేశాడు. ఆ మేరకు దాని రక్షణ అతని విధిగా మారింది, ఆ విధి నుండే హక్కు పుట్టింది. అందువల్ల విధిని ముందే నెరవేర్చినవారికి ఆ హక్కు బలంగా ఉంటుంది. రాత్రి దొడ్డికి తడిక బిగించనివారు, కుక్కకు రేబిస్ టీకా వేయించనివారు, కరిచే స్వభావమున్న దానిని వీధిలోకి వదిలి గొడవ ముదిరాక రాయి విసిరేవారు, తమ నిర్లక్ష్యం వల్ల ఏర్పడిన అవసరాన్ని సాకుగా చూపుతున్నారు. కలబడిన కుక్కల మధ్య చేయి పెడితే కాటు పడేది సాధారణంగా ఆ చేతికే. బకెట్టు నీళ్ళు, మీద విసిరిన గోనెపట్టా, నేలపై గట్టిగా కొట్టిన కర్రచప్పుడు చాలాసార్లు దెబ్బకన్నా బాగా పనిచేస్తాయి. అవి చేతికి అందేంత దూరంలో ఉండగా ఇనుపకడ్డీ ఎత్తడం అవసరం అనిపించుకోదు.

చట్టం లోపాలు కూడా తక్కువ కావు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం తొలి నేరానికి ఇప్పటికీ 10 నుండి 50 రూపాయల జరిమానాతో సరిపెడుతోంది. సంహితలోని 325వ సెక్షన్ జంతువును చంపితే ఐదేళ్ళ వరకు శిక్ష విధించవచ్చునని చెబుతున్నా, అదీ ఆస్తినష్టం అనే చట్రంలోనే. 2023 జంతు జనన నియంత్రణ నియమాలు వీధికుక్కలకు శస్త్రచికిత్స, టీకా చేయించే భారాన్ని స్థానిక సంస్థలపై ఉంచాయి. దాడి చేసే కుక్కలను తిరిగి వీధిలో వదలరాదని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఆదేశించింది. అధికారులను ఆశ్రయించే వ్యవధి ఉంటే బలం వాడవద్దని పౌరునికి చెప్పే చట్టం, ఆశ్రయించినప్పుడు వచ్చి ఆ కుక్కను పట్టుకునే మనిషిని ఊరి స్థాయిలో చూపగలగాలి. మిర్యాలగూడ మడులలో అర్ధరాత్రి మందకు కాపలా ఉన్నవానికి ఆ మనిషి ఎవరో తెలియనంత కాలం, 37వ సెక్షన్ షరతును అతనిపై పూర్తి కఠినత్వంతో మోపడం న్యాయం కాదు.