తట్టకూ పానాకూ మధ్య

పెద్ద యంత్రాలు మన భాషలోకి కంపెనీల పేర్లతోనే వచ్చాయి. గొలుసు పట్టాల మీద నడుస్తూ మట్టి తవ్వే యంత్రాన్ని మనం ప్రొక్లెయిన్ అంటాం. పొక్లెయిన్ అన్నది ఒక ఫ్రెంచి కంపెనీ పేరు. ముందు బకెట్టు, వెనక తవ్వే చెయ్యి ఉన్న పసుపుపచ్చ బండి ఏ కంపెనీదైనా ఊళ్లో అది జేసీబీనే. 1945లో ఇంగ్లండులో ఆ కంపెనీ పెట్టిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ పేరులోని మొదటి అక్షరాలవి. యజమానుల పేర్లు ఇలా ఊరూరా స్థిరపడ్డాయి. ఆ యంత్రం కింద దూరి, విప్పి, మళ్లీ నడిపించే మనిషి మాత్రం పేరు లేకుండా మెకానిక్కుగానే మిగిలాడు. ఆ మాట వినగానే మన మనసులో మెదిలే బొమ్మ మగవాడిది. 'మెకానిక్కు వచ్చింది, పంపు విప్పింది' అని రాస్తే అందులో వ్యాకరణదోషమేమీ లేదు. అయినా చదివేవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఆగడం వెనక ఎంత చరిత్ర ఉందో చూడాలన్నదే నా ప్రయత్నం.

శ్రామిక స్త్రీల గురించిన కథలూ నవలల మీద పరిశోధన చేస్తున్నప్పుడు నిర్మాణ రంగంలో నాకు రెండు రకాల స్త్రీలే ఎదురయ్యారు. ఒకరు తట్ట మోసే కూలిమనిషి. ఇంకొకరు, చాలా అరుదుగా, చదువుకున్న ఇంజనీరు. వీళ్లిద్దరి మధ్యలో ఉండవలసిన ఫిట్టరూ, వెల్డరూ, మెకానిక్కూ స్త్రీల రూపంలో కనిపించలేదు. ఈ ఖాళీకి అందరూ చెప్పే కారణం ఒకటే: అది బరువు పని, ఆడవాళ్ల వల్ల కాదు.

ఈ మాట ఎంత నిజమో తెలుసుకోవడానికి నాగార్జునసాగర్ దాకా వెళితే చాలు. 1955 డిసెంబరు 10న నెహ్రూ దానికి శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఇంచుమించు అదే కాలంలో సట్లెజ్ నది మీద కట్టిన భాక్రా డ్యామ్ కాంక్రీటుది. అక్కడ హార్వే స్లోకమ్ అనే అమెరికన్ నిపుణుడి పర్యవేక్షణలో భారీ యంత్రాలు పనిచేశాయి. కృష్ణ మీద మాత్రం రాతికట్టడాన్ని ఎంచుకున్నారు. విదేశీ యంత్రాల మీద డబ్బు పోసే కన్నా మన మనుషులకు పని చూపించడం మేలన్న ఆలోచన అందులో ఉంది. దాదాపు 125 మీటర్ల ఎత్తుకి, కిలోమీటరున్నరకు దగ్గర పొడవునా ఆ రాయి మనుషుల చేతుల మీదా తలల మీదా పైకెక్కింది. ఆనాటి ఫొటోల్లో ఏటవాలు బల్లల మీద బారులు తీరి నడిచేవాళ్లలో ఆడవాళ్లెందరో ఉన్నారు. తల మీద చుట్టకుదురు, దాని మీద రాయి, కాకపోతే సిమెంటు మాలు తట్ట. ఆ బరువు ఎత్తేటప్పుడు ఆడదాని శరీరం సున్నితమైనదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

కాబట్టి గీత గీసింది బరువు దగ్గర కాదు. మరెక్కడ? మట్టిపనిలో జంటను చూడండి. అతను గడ్డపారతో తవ్వుతాడు, ఆమె తట్టలో మోస్తుంది. పాలమూరు నుంచి దేశమంతటా ప్రాజెక్టులకు వలసపోయిన కూలీలను గుంపు మేస్త్రులు అడ్వాన్సులిచ్చి తీసుకుపోయింది చాలావరకు ఇలా ఆలుమగల జంటలుగానే. పనిముట్టు అతని చేతికి, బరువు ఆమె తలకి. ఇటలీ మానవశాస్త్రవేత్త పావొలా తబెత్ 1979లో రాసిన ఒక వ్యాసంలో అనేక సమాజాల పనిపాటల్ని పరిశీలించి, స్త్రీలకు మెరుగైన పనిముట్లు అందకుండా ఉండడం యాదృచ్ఛికం కాదనీ, పురుషాధిక్యం నిలబడేదే దాని మీదనీ వాదించింది. అది చదివాక మన గడ్డపార, తట్ట నాకు వేరుగా కనబడ్డాయి. తట్ట పదేళ్లు మోసినా పదకొండో ఏట కూలి అదే. పానా అందిస్తూ షెడ్డులో చేరిన కుర్రాడు పదేళ్లలో మేస్త్రి అవుతాడు. పనిముట్టు పట్టిన చేతికి కాలం నైపుణ్యంగా మారుతుంది. మోసే తలకు అదే కాలం మెడనొప్పిగా మిగులుతుంది.

ఈ తేడా ఎక్కడి దాకా పోతుందో తెలుసుకోవాలని నల్లగొండ జిల్లాలో ఒక స్వతంత్ర మెకానిక్కుతో కొన్ని రోజులు తిరిగాను. ఆయన ఏ కంపెనీలోనూ ఉద్యోగి కాదు. కొత్త యంత్రాలకు వారంటీ ఉన్నన్నాళ్లూ తయారీ కంపెనీ మనుషులే వచ్చి చూస్తారు. ఆ గడువు అయిపోయాక నిర్మాణ కంపెనీలు ఇలాంటి వాళ్లకు కబురు పెడతాయి. యంత్రం నిలబడిపోయినా బ్యాంకు వాయిదా నిలబడదు, టిప్పర్లూ డ్రైవర్లూ ఖాళీగా ఉంటారు. అందువల్ల ఆయన మాటకు విలువ. పని చూసి తన రేటు తానే చెబుతాడు. పాత బాకీ తీర్చని కంపెనీకి రానని కూడా చెబుతాడు.

ప్రొక్లెయిన్ చెయ్యి, వీళ్లు బూమ్ అనేది, మెల్లగా లేస్తోందంటే ఆయన వెంటనే ఏదీ విప్పడు. బూమ్ పైకెత్తించి కాసేపు అలాగే వదిలేయమంటాడు. దానంతటదే దిగుతుంటే సిలిండరు సీలు గానీ వాల్వు గానీ కారుతున్నట్టు. ఫిల్టరు కోసి చూస్తాడు. లోహపు పొడి మెరిస్తే పంపో మోటారో అరుగుతున్నట్టు. ఆయిలు పాలలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టు. పొగ నల్లగా వస్తే గాలి చాలడం లేదో డీజిలు ఎక్కువవుతోందో చూడాలి, నీలంగా వస్తే ఇంజనాయిలు కాలుతున్నట్టు. హోసులో కంటికి కనపడని చిల్లు ఉందేమోనని చేత్తో తడిమి చూడకూడదు. ఆ ఒత్తిడికి సన్నటి ఆయిలు ధార సూదిలా చర్మంలో దిగిపోతుంది. అందుకని అట్టముక్క అడ్డం పెట్టి చూస్తాడు.

"బలం చెయిన్ బ్లాకు చూసుకుంటది మేడం. మనం చూసుకోవాల్సింది చెవి, ముక్కు" అన్నాడాయన.

వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆయన భార్య వాకిట్లో డీజిలు పళ్లెంలో వాల్వు భాగాలు కడిగి, విప్పిన వరసలోనే పాతగుడ్డ మీద పేరుస్తోంది. ఫోనులో ఎవరికో సీళ్ల కొలతలు మిల్లీమీటర్లతో సహా చెబుతోంది. ఏ కంపెనీ ఎంత బాకీ ఉందో నోట్‌బుక్కు ఆమెదే. అక్క ఏం పని చేస్తుందని నేనడిగితే ఆయన, "ఏం లేదు మేడం, ఇంట్లనే ఉంటది" అన్నాడు. ఆమె తల ఎత్తకుండానే, "నేను ఇంట్లుంటేనే కదా నీ బండ్లు రోడ్డు మీదుండేది" అంది.

ఆమెకు రానిదేమిటి? ఇంచుమించు ఏమీ లేదు. ఆమె వెళ్లలేనిది ఆ పని నేర్పే చోటికి. ఈ విద్య షెడ్డులో, రోడ్డు పక్కన, రాత్రిపూట, లారీ కింద చాప వేసుకుని పడుకుంటూ, మేస్త్రి తిట్లు తింటూ వచ్చేది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల తరాల తరబడి మెకానిక్కులు తయారైంది ఇలాగే. ఆడపిల్లను ఆ వయసులో ఆ చోటికి, ఆ వేళకి ఎవరు పంపుతారు? బ్రిటన్‌లో అచ్చుపనివాళ్ల మీద పరిశోధన చేసిన సింథియా కాక్‌బర్న్ 1983లో వచ్చిన తన పుస్తకంలో నైపుణ్యమనేది ఒట్టి చేతి పనితనం మాత్రమే కాదనీ, మగవాళ్లు సంఘటితంగా కాపాడుకునే హద్దు కూడాననీ చూపించింది. మన షెడ్డుకు యూనియన్ లేకపోవచ్చు. హద్దు మాత్రం ఉంది.

ఆ హద్దును ఆచారమొక్కటే కాపాడలేదు, చట్టం కూడా తోడైంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షను తిరుగుతున్న యంత్రాన్ని శుభ్రం చేయడం, నూనె వేయడం, సర్దడం వంటి పనులను స్త్రీలు, బాలలు చేయకూడదంది. ఇది నిర్మాణ స్థలాలకు కాక వర్క్‌షాపుల వంటి ఫ్యాక్టరీలకు వర్తించే చట్టం. కానీ మెకానిక్కులు తయారయ్యే చోట్లలో వర్క్‌షాపు ముఖ్యమైనది. ఎదిగిన స్త్రీని పిల్లలతో కలిపి చూసే ఈ పద్ధతి 1844 నాటి బ్రిటిష్ ఫ్యాక్టరీ చట్టం నుంచీ ఉంది. యంత్రం మగవాడి చెయ్యి కూడా నలిపేస్తుంది. ఆ యంత్రానికి రక్షణ కంచె వేయించాల్సిన చోట స్త్రీకే కంచె వేశారు. 1952 గనుల చట్టం కూడా స్త్రీలను భూగర్భంలోకి రానీయలేదు, పైన రాత్రి పనికీ ఒప్పుకోలేదు. అంతకుముందు ఇదే నిషేధాన్ని యుద్ధానికి బొగ్గు కావలసి వచ్చి 1943లో సడలించారు, 1946లో తిరిగి విధించారు. అవసరాన్ని బట్టి వచ్చి పోయే సున్నితత్వం అది. లండన్‌లో వాటర్లూ వంతెనను కూడా యుద్ధకాలంలో ఎక్కువగా స్త్రీలే కట్టారు. 1945లో ప్రారంభోత్సవ ఉపన్యాసం మాత్రం కట్టిన మగవాళ్లనే అభినందించింది.

ఇక రెండో చట్టం సంగతి. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ఆ పథకం మొదలైంది. అప్పటికి జేసీబీలూ ప్రొక్లెయిన్లూ మట్టిపనిని మింగేస్తున్నాయి. అందుకే ఆ చట్టం కాంట్రాక్టర్లనూ, మనుషుల పని లాక్కునే యంత్రాలనూ వద్దంది. లబ్ధిదారుల్లో కనీసం మూడోవంతు స్త్రీలుండాలంది. లక్షలాది స్త్రీలకు అది స్వంత కూలి ఇచ్చింది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి బయటపడుతుంది. మొదటిది యంత్రాన్ని ముట్టుకోవద్దంది. రెండోది యంత్రమే వద్దంది. రెండూ స్త్రీల మేలు కోరినవే. రెండింటి తర్వాతా ఆమె దగ్గర మిగిలింది తట్టే. యంత్రం ఆమె పని లాక్కుంటున్నప్పుడు ఆ యంత్రాన్ని ఆమెకే నేర్పితే ఏమన్న ప్రశ్న మధ్యలో జారిపోయింది.

పైమెట్టు మీద తలుపు కొంచెం ముందే తెరుచుకుంది. మన తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత పద్దెనిమిదేళ్లకే వితంతువై, చంటిపిల్ల తల్లిగా మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివింది. 1940లలో బయటికొచ్చిన ఆ తొలి స్త్రీల పట్టాల్లో 'అతడు' అన్న మాట కొట్టేసి 'ఆమె' అని చేత్తో దిద్దారని చెబుతారు. తర్వాత కలకత్తాలో ఒక ఎలక్ట్రికల్ కంపెనీలో పనిచేస్తూ, ఆమె భాక్రా నంగల్ జెనరేటర్ల పనిలో పాలుపంచుకుంది. కృష్ణ మీద తెలుగు స్త్రీలు రాళ్లు మోస్తున్న కాలంలోనే సట్లెజ్ ప్రాజెక్టులో ఒక తెలుగు స్త్రీ నైపుణ్యం చేరడం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. లలితకు ఆ తలుపు తీసింది ఆమె పట్టుదల. అదే కాలేజీలో ఆచార్యుడైన తండ్రి అండ కూడా. వడ్డెర ఆడపిల్లకు, పాలమూరు కూలి తల్లి కూతురికి అలాంటి తండ్రి ఎక్కడి నుంచి వస్తాడు? డ్రాయింగు బల్ల పైకులాల స్త్రీకి ఆలస్యంగానైనా అందింది, తట్ట కిందికులాల స్త్రీకి మొదటి నుంచీ ఉంది. మధ్యలో ఉన్న షెడ్డే ఎవరికీ అందలేదు. మన స్త్రీవాద చర్చ కూడా ఆ మధ్య మెట్టు మీద నిలబడింది తక్కువ.

ఇప్పుడు చట్టం మారింది. 2019లో గనుల్లో రాత్రి పనికీ, భూగర్భంలో సాంకేతిక ఉద్యోగాలకూ స్త్రీలను అనుమతించారు. జార్ఖండ్‌లోని నోవాముండి ఇనుప గనిలో స్త్రీలు భారీ డంపర్లు నడిపారు. ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. స్త్రీలు అన్ని రకాల పనులకూ అర్హులేనని అందులో రాశారు. కాగితం మీద అడ్డు తొలగింది. అయితే నడపడం వేరు, విప్పడం వేరు. నడిపే మనిషి జీతానికి ఉంటుంది. విప్పి బాగుచేసే మనిషి రేటు చెబుతుంది. నచ్చకపోతే రానంటుంది. తరతరాలుగా మేస్త్రి లెక్క ప్రకారం జంటలో సగంగా కూలి తీసుకున్న స్త్రీకి కావలసింది ఆ 'రాను' అనగలిగే శక్తి.

అందుకు కావలసినవేవీ పెద్దవి కావు. ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ ట్రేడులో చేరమని ఆడపిల్లలకు చెప్పేవాళ్లు కావాలి. వర్క్‌షాపులో తాళం పడే మరుగుదొడ్డి కావాలి. రాత్రి ఇంటికి చేర్చే బండి కావాలి. తిట్టకుండా నేర్పే మేస్త్రి కావాలి. అన్నిటికన్నా ముందు, వాకిట్లో కూర్చుని వాల్వులు కడిగే మనిషిని 'ఇంట్లో ఉంటుంది' అని రాసుకోకుండా, మెకానిక్కు అని లెక్క రాసుకునే అలవాటు మనకు కావాలి.