మేకపాలు – మాల్టా జ్వరము

తెల్లవారగనే పాలగిన్నె పొయ్యిమీది కెక్కని యిల్లు మన దేశమున అరుదు. పాలు ఒక పొంగు పొంగిన పిమ్మటనే కాఫీలోనికైనను, పసివాని గిన్నెలోనికైనను పోవుట మన యాచారము. కారణమేమని యడిగినచో, కాచనిపాలు విరిగిపోవును గదా యని పెద్దలు చెప్పుదురు. అది నిజమే. కాని అంతకంటె గొప్ప కారణము మరియొకటి కలదు. దానిని లోకమునకు తెలియజేసినది మధ్యధరా సముద్రమునందలి మాల్టా యను చిన్న ద్వీపము. ఆ కథనే మేము ఈ ప్రసంగమున మనవి చేయదలచితిమి.

పందొమ్మిదవ శతాబ్దమున మాల్టా బ్రిటిషువారి యధీనమున నుండెను. వారి నౌకలకును, సైనికులకును అది ముఖ్యమైన మజిలీ. అచ్చటికి వచ్చిన సైనికులను ఒక వింత జ్వరము పట్టి పీడించుచుండెను. ఒడలు చెమటలు పట్టును, కీళ్ళు నొచ్చును, కొన్నివారములకు జ్వరము తగ్గి, ఇక నయమైనదనుకొనునంతలో అలవలె మరల లేచును. చనిపోవువారు కొలదిమందియే, కాని నెలలకొలది మంచముపట్టువారు అనేకులు. జెఫ్రీ మార్‌స్టన్ అను సైనిక వైద్యుడు తానే యీ జ్వరమున పడి లేచి, తన యనుభవమునే 1861లో వర్ణించి ప్రకటించెను. అయినను వ్యాధికి మూలమేదో ఎవరికిని అంతుపట్టలేదు.

1884లో డేవిడ్ బ్రూస్ అను యువవైద్యుడు భార్యాసమేతముగా మాల్టాకు వచ్చెను. ఆయన భార్య మేరీ ప్రయోగశాలలో ఆయనకు కుడిభుజముగా నుండెను. ఈ జ్వరముతో మరణించిన సైనికుల ప్లీహమునుండి బ్రూస్ ఒక సూక్ష్మజీవిని వేరుచేసి, 1887లో ఆ సంగతిని లోకమునకు వెల్లడించెను. దొంగ యెవరో తెలిసినది. కాని వాడు ఏ ద్వారమున ఇంటిలోనికి వచ్చుచున్నాడో తెలియలేదు. మురుగుకాలువలను కొందరు, ధూళిని కొందరు, దోమలను కొందరు అనుమానించిరి. ఇట్లు దాదాపు రెండు దశాబ్దములు గడచిపోయినవి.

1904లో బ్రిటిషు ప్రభుత్వపు కోరికపై రాయల్ సొసైటీవారు ఒక విచారణ సంఘమును నియమించిరి. అందు మాల్టావాసియైన వైద్యుడొకడుండెను. ఆయన పేరు థెమిస్టొక్లీస్ జామిట్. ఆ దినములలో మాల్టాలో పాలమ్మువారు మేకల మందను వీధులవెంట తోలుకొనివచ్చి, వాకిట నిలిపి, అడిగినవారి పాత్రలోనికే పాలు పిదికి యిచ్చెడివారు. పొదుగునుండి నేరుగా వచ్చుపాలు! అందు నీరు కలియలేదు, మోసము లేదు. మేకలో, చూచుటకు పుష్టిగా నున్నవి. వానిని అనుమానింపవలెనని ఎవరికి తోచును?

వ్యాధి సోకినవాని నెత్తుటి తేటను ఆ సూక్ష్మజీవులతో కలిపినచో అవి గుంపులుగా పేరుకొనును. 1905వ సంవత్సరము జూను నెలలో జామిట్ ఈ పరీక్షను ఆరు మేకల నెత్తుటిపై చేసి చూచెను. ఐదింటిలో అవి పేరుకొనెను! పిమ్మట పాలలోనే ఆ సూక్ష్మజీవులు కానవచ్చినవి. ద్వీపమంతటను పరీక్షింపగా, మేకలలో దాదాపు సగము ఈ వ్యాధి తగిలినవనియు, సుమారు పదింట ఒకటి తన పాలలో దానిని విడుచుచున్నదనియు తేలెను. తాను రోగిగా కానరాకయే మనుష్యునకు రోగము నిచ్చుటలోనే దీని గుట్టంతయు నున్నది.

ఆ సంవత్సరమే మాల్టానుండి కొన్ని పాడిమేకలు ‘జాషువా నికల్సన్’ అను ఓడపై అమెరికాకు ప్రయాణమైనవి. దారిలో నావికులు వాని పాలు కాచకయే త్రాగిరి. వారిలో అనేకులకు ఈ జ్వరమే వచ్చెను. ప్రయోగశాలలో తేలిన సత్యమునకు సముద్రముపై సాక్ష్యము లభించినట్లయ్యెను.

1906లో సైనికులకు మేకపాలు మాన్పించిరి. అంతకు ముందు ఏటేట వందలమంది జ్వరపీడితులగుచుండగా, ఆ సంఖ్య శీఘ్రముగా వ్రేళ్ళపై లెక్కింపదగినంతకు దిగిపోయెను. మందు లేదు, సూదిలేదు. ఒక గ్లాసు పచ్చిపాలు మానుటయే చికిత్స!

అయితే కథ ఇచ్చట ముగియలేదు. సైనికుడు ఆజ్ఞకు బద్ధుడు. డబ్బాపాలు తెప్పించి యిచ్చిన సరిపోయెను. ద్వీపవాసి మాట యేమి? మేకలే జీవనాధారమైన పేదవాడు, కండ్లయెదుట ఆరోగ్యముగా తిరుగు మేకను రోగిష్టి యన్న నమ్మునా? వాకిట పిదికిన పాలకు అలవాటుపడిన గృహిణి ఊరక మానునా? జ్వరము సైనికులను విడిచినను ప్రజలను విడువలేదు. పాలను పాస్తరుపద్ధతిని వేడిచేసి పంచు కేంద్రము మాల్టాలో 1938లో గాని వెలయలేదు. సత్యము తెలిసిన నాటికిని, అది సామాన్యుని వాకిటికి చేరిన నాటికిని నడుమ ముప్పదిమూడేండ్లు! జామిట్ 1935లోనే కన్నుమూసెను.

అమెరికాలోను ఇట్టిదే జరిగినది. ఆవులు ఈసుకుపోవుటకు కారణమైన సూక్ష్మజీవిని 1897లో డెన్మార్కువాడైన బెర్న్‌హార్డ్ బాంగ్ కనిపెట్టియుండెను. అదియు, బ్రూస్ కనుగొన్నదియు దగ్గరి చుట్టములే యని 1918లో ఆలిస్ ఎవాన్స్ అను శాస్త్రజ్ఞురాలు ప్రకటించి, పాలను వేడిచేయక త్రాగరాదని హెచ్చరించెను. పాలవర్తకులు ఒప్పుకొనలేదు, పండితులలోను కొందరు పెదవి విరిచిరి. 1922లో ఆమెకే ప్రయోగశాలలో ఆ వ్యాధి సోకి, ఏండ్లతరబడి బాధించెను. కాలక్రమమున ఆమె మాటయే నిలిచినది. బ్రూస్ పేరిట ఈ వ్యాధికి బ్రూసెల్లోసిస్ అను నామము స్థిరపడినది.

ఈ రోగము మన పశువులలోను కలదు. మన రైతులు ఈసుకుపోవు రోగమనునది తరచుగా ఇదియే. 2019లో భారత ప్రభుత్వము నాలుగునుండి ఎనిమిది నెలల ప్రాయపు పెయ్యదూడలకు దీని టీకాలు వేయు కార్యక్రమమును ఆరంభించెను. పాడిపశువు నెలలు నిండక ఈసుకుపోయినప్పుడు మాయను వట్టిచేతులతో తాకరాదు, పశువైద్యునికి తెలుపవలెను. పాలు త్రాగకున్నను, ఆ స్పర్శవలననే రోగము కాపరికి రాగలదు.

మాల్టా ప్రజలు జ్వరమును జయించిరని సంతసించుచుండగా, 1995లో కాచనిపాలతో చేసిన జున్నుగడ్డలవలన అది అచ్చట మరల తలయెత్తెను. ఒకసారి నేర్చిన పాఠమును మరచినచో మరల మొదటినుండి నేర్వవలసివచ్చును. పశువు మనకు శత్రువు కాదు. అది తన రోగమును చెప్పుకొనజాలదు. తెలిసికొని మసలుకొనవలసినవారము మనమే. రేపు ఉదయమున మీ యింట పాలు పొంగునప్పుడు, ఆ పొంగు వెనుక నింత చరిత్ర యున్నదని స్మరింపుడు.