లైట్ క్లయింటులోకి వర్చువల్ మెషీన్ ఎలా వచ్చింది

లైట్ క్లయింట్ల కథ ఎవరు చెప్పినా 2008 నాటి సతోషి నకమోతో బిట్‌కాయిన్ పత్రంతో ఎత్తుకుని 2022లో వచ్చిన ఇథీరియం లైట్ క్లయింటు హీలియోస్ దగ్గర దించుతారు. నడుమ జరిగిందంతా రుజువుల గణితం మెరుగుపడటమేనన్నట్టు రాస్తారు. అది అబద్ధం కాదు గానీ అసలు మలుపు అందులో కనిపించదు.

మొదటి దశ తెలిసిందే. బ్లాక్‌చైన్ గొలుసంతా దించుకోకుండా బ్లాకుల హెడర్లు మాత్రం ఉంచుకుని, మన లావాదేవీ ఫలానా బ్లాకులో ఉందని మెర్కిల్ రుజువు అడగడం. 2011లో వచ్చిన బిట్‌కాయిన్‌జె, ఎలక్ట్రమ్ ఈ దారి పట్టాయి. బిట్‌కాయిన్‌కు అది దాదాపు సరిపోయింది. 2015లో ఇథీరియం మొదలయ్యాక ప్రశ్నే మారింది. బోధన్ చెరకు రైతుకు ఈ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు: తూకం చీటీ ఫ్యాక్టరీ రిజిస్టర్లో ఎక్కిందని చూసుకోవడం వేరు, రికవరీ శాతం పట్టి తనకు ఎంత రావాలో తానే లెక్క కట్టుకోవడం వేరు. హెడర్లు మొదటిదానికే పనికొస్తాయి. రెండోదానికి కాంట్రాక్టు కోడును మన దగ్గరే నడపాలి. అంటే ఈవీఎం (ఎన్నికలది కాదు, ఇథీరియం వర్చువల్ మెషీన్) క్లయింటులోనే ఉండాలి.

ఆ పని హీలియోస్‌తోనే మొదలైందన్న మాట దగ్గరే నాకు పేచీ. ఇథీరియం నోడ్ సాఫ్ట్‌వేర్ గెత్‌లోని లైట్ మోడ్ అంతకు చాలా ముందే కాంట్రాక్టును స్థానికంగా నడిపేది. కావలసిన డేటా ముక్కలను రుజువులతో సహా పూర్తి నోడ్ల నుంచి అప్పటికప్పుడు తెప్పించుకునేది. మరెందుకు నిలవలేదు? సేవ చేసే నోడ్లకు ప్రతిఫలం లేకపోవడమేనన్నది మామూలుగా చెప్పే జవాబు. నిజమే. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం ప్రూఫ్ ఆఫ్ స్టేక్‌కు మారిన మెర్జ్ జరిగాక ఆ మోడ్ పనిచేయలేదు, అదీ నిజమే. నాకు వీటికంటే పెద్దదిగా తోచే కారణం వేరు: ఆ ఈవీఎం గెత్ ఒంట్లో అవయవం. విడి ప్యాకేజీగా దొరకదని కాదు, దొరుకుతుంది. కానీ దాన్ని లాగితే స్టోరేజీ, ట్రై (డేటాను పేర్చే చెట్టు) అన్నీ వెంట వచ్చేవి. పోల్కాడాట్ లైట్ క్లయింటు స్మోల్డాట్‌కు ఈ బెడద లేదు. అక్కడ గొలుసు నియమాలే వాస్మ్ (వెబ్‌అసెంబ్లీ) కోడుగా గొలుసు మీద ఉంటాయి కనుక వాస్మ్ యంత్రం లేని క్లయింటుకు అడుగు పడదు.

డ్రాగన్ రకితా రస్ట్ భాషలో రాసిన ఈవీఎం, రెవ్‌ఎం, ఈ ముడి విప్పింది. డేటా ఎక్కడి నుంచి వస్తుందో దానికి పట్టదు. తనను వాడేవాళ్లను అడిగేవి నాలుగే: ఖాతా వివరాలు, కోడు, స్టోరేజీలో ఫలానా గడి విలువ, పాత బ్లాకు హ్యాష్. 2022 నవంబరులో ఏ16జెడ్ క్రిప్టో విడుదల చేసిన హీలియోస్ ఆ ప్రశ్నలకు జవాబిచ్చే చోట రుజువులు సరిచూసే పొరను పెట్టింది. యంత్రం ఒక్కొక్క గడి అడిగినప్పుడల్లా నెట్‌వర్క్ మీద వెళ్లిరావాలంటే చిన్న బ్యాలెన్సు చూడటానికే విసుగెత్తుతుంది. అందుకని ఏయే గడులు తగులుతాయో జాబితా ముందే సర్వరును అడిగి, అన్నిటినీ ఒక్కసారే తెప్పించుకుంటుంది. ఆ జాబితాను నమ్మనక్కర్లేదు. ఏదైనా తప్పిపోతే యంత్రం మళ్లీ అడుగుతుంది, విలువ తప్పైతే రుజువు నిలవదు. ఇందులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

2021 అక్టోబరు 27న ఆల్టెయిర్ అప్‌గ్రేడ్ తెచ్చిన సింక్ కమిటీ లేకపోతే ఇదంతా గాలిలో మేడే, ఒప్పుకుంటాను. దాదాపు 27 గంటలకోసారి మారే 512 మంది వాలిడేటర్ల సంతకాలే హెడర్‌కు ఆధారం. ఆ సంతకం తప్పుగా పెట్టినవాడి డిపాజిట్‌కు మాత్రం కోత పడదు. పైగా పాత బ్లాకులకు రుజువు ఇవ్వని సర్వర్లు చాలానే ఉన్నాయి.

ఇలా స్వయంగా సరిచూసుకోవాలన్న ఆలోచనకు మన దగ్గర చోటు తక్కువ. 2018లో హైదరాబాద్‌కు బ్లాక్‌చైన్ డిస్ట్రిక్ట్ ప్రకటించారు, చిట్‌ఫండ్ల కోసం బ్లాక్‌చైన్ మీద నడిచే టీ-చిట్స్ కూడా తెచ్చారు. చర్చంతా రికార్డు చెరిగిపోదన్న దాని చుట్టూనే తిరిగింది. చందాదారుడు ఆ లెక్కను తన ఫోనులో తానే సరిచూసుకోవడం గురించి మాట తక్కువ.

రెవ్‌ఎం గెలుపులోనే నాకో శంక ఉంది. రెత్ అనే పూర్తి నోడులోనూ అదే, ఫౌండ్రీ అనే డెవలపర్ పరికరంలోనూ అదే, హీలియోస్‌లోనూ అదే. జవాబిచ్చే నోడుకూ, ఆ జవాబును తనిఖీ చేసే క్లయింటుకూ యంత్రం ఒకటే అయినప్పుడు, దానిలో లోపముంటే రెండూ కలిసి ఒకే తప్పు చెబుతాయి.