గ్రేట్ సొసైటీ: జాన్సన్ సంస్కరణలు, వియత్నాం యుద్ధం

అమెరికా 36వ అధ్యక్షుడు లిండన్ బి. జాన్సన్ (1908–1973) తన పాలనలో తెచ్చిన సంక్షేమ, పౌరహక్కుల సంస్కరణలకు ఉమ్మడి పేరు గ్రేట్ సొసైటీ. అమెరికన్ల బతుకును ఇంతగా మార్చిన చట్టాలు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తర్వాత మరే అధ్యక్షుడి హయాంలోనూ రాలేదు. అయినా జాన్సన్ పేరు చెబితే ముందు గుర్తొచ్చేది వియత్నామే.

జాన్సన్ టెక్సస్‌వాడు. కాలేజీలో చదువుతుండగా కొటుల్లా అనే ఊళ్లో మెక్సికన్ మూలాలున్న పేద పిల్లలకు పాఠాలు చెప్పాడు. వాళ్లు ఆకలి కడుపులతో బడికి వచ్చేవారని 1965లో కాంగ్రెస్ ముందు కూడా గుర్తు చేసుకున్నాడు. 1963 నవంబరు 22న అధ్యక్షుడు కెనడీ హత్య, ఉపాధ్యక్షుడిగా ఉన్న ఆయన్ను అధ్యక్షుణ్ణి చేసింది. సెనేట్‌ను నడిపిన అనుభవం ఉంది కాబట్టి సభ్యుల్ని దారికి తెచ్చుకోవడం ఆయనకు కొట్టిన పిండి. కెనడీ ఉండగా నడవని పౌరహక్కుల బిల్లు 1964 జులై 2న చట్టమైంది. ఆ ఏడాది ఎన్నికల్లో 61 శాతం ఓట్లు తెచ్చుకున్నాక ఇక వరుసగా పాఠశాలలకు కేంద్ర నిధులు, వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ అనే వైద్య బీమా పథకాలు, నల్లజాతివారికి ఓటు హక్కు రక్షణ. 1965 అక్టోబరులో సంతకం చేసిన వలస చట్టం దేశాలవారీ పాత కోటాలకు స్వస్తి చెప్పింది. అంతకుముందు భారత్ కోటా ఏటా సుమారు 100 మంది. తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో అమెరికా దారి పట్టింది ఈ చట్టం తర్వాతే.

ఇక యుద్ధం. జాన్సన్ గద్దెనెక్కేనాటికే దక్షిణ వియత్నాంలో సుమారు 16,000 మంది అమెరికన్ సైనిక సలహాదారులున్నారు. అంతవరకు అది వారసత్వమే. ఆ తర్వాతది ఆయన నిర్ణయం. ఈ పోరు చేయదగినదని తనకు అనిపించడం లేదని 1964 మేలో ఫోన్‌లో చెప్పిన మాటలు టేపుల్లో ఉన్నాయి. అయినా వెనక్కి తగ్గితే పిరికివాడన్న ముద్ర పడుతుందనీ, దానితో తన బిల్లులూ అటకెక్కుతాయనీ భయం. ఆగస్టులో, సైనిక చర్యకు అనుమతినిచ్చిన టోంకిన్ తీర్మానంతో కాంగ్రెస్ ఆయన చేతులు విప్పేసింది. వ్యతిరేకించింది ఇద్దరు సెనేటర్లే.

1965 జులై చివరి వారం చూస్తే కథంతా అక్కడే కనిపిస్తుంది. 28న పట్టపగలు విలేకరుల సమావేశంలో, సుప్రీంకోర్టుకు ఏబ్ ఫోర్టస్ నియామకం కబురుతో కలిపి, సైన్యాన్ని 75,000 నుంచి 1,25,000కు పెంచుతున్నట్టు చెప్పాడు. 30న మిస్సోరీలోని ఇండిపెండెన్స్‌లో మాజీ అధ్యక్షుడు ట్రూమన్ పక్కన కూర్చుని మెడికేర్‌పై సంతకం చేశాడు.

యుద్ధం ఖర్చు బయటపెడితే సంస్కరణలకు కోత పడుతుందని పన్ను పెంపును వాయిదా వేస్తూ వచ్చాడు. ధరలు పెరిగాయి. చివరికి 1967లో 10 శాతం అదనపు పన్ను అడిగితే, బదులుగా 600 కోట్ల డాలర్ల ఖర్చు తగ్గించాలని కాంగ్రెస్ పట్టుబట్టి 1968లో సాధించుకుంది. అప్పటికి వియత్నాంలో 5 లక్షల మందికి పైగా సైనికులున్నారు. పేదల సొమ్మును యుద్ధం మింగేస్తోందని మార్టిన్ లూథర్ కింగ్ 1967లోనే బహిరంగంగా విమర్శించాడు. వియత్నాంలో కమ్యూనిస్టు బలగాలు జరిపిన టెట్ దాడుల తర్వాత, 1968 మార్చి 31న, మళ్లీ పోటీ చేయనని జాన్సన్ ప్రకటించాడు.

సంస్కరణల ఫలితం సంగతికొస్తే, 1964లో 19 శాతం ఉన్న పేదరికం 1969 నాటికి 12 శాతానికి దిగింది. పేదరికంపై పోరుకు పెట్టిన ప్రత్యేక కార్యాలయం తర్వాతి అధ్యక్షుడు నిక్సన్ హయాంలో విడిపోయి, ఆపై మూతపడింది. ఓటు హక్కు చట్టంలో కీలకమైన నిబంధనను సుప్రీంకోర్టు 2013లో కొట్టేసింది. మెడికేర్ మాత్రం నేడు 6 కోట్ల మందికి పైగా వర్తిస్తోంది.