సౌదీ అరేబియాలో ఆన్‌లైన్ చదువు: మంత్రిత్వ శాఖ, బోర్డు, బడి

సౌదీ అరేబియాలో బడి చదువుకు మన రాష్ట్రాల్లోలా వేరే బోర్డు లేదు. పాఠ్యపుస్తకం, సెలవులు, ఆన్‌లైన్ వేదిక అన్నీ విద్యా మంత్రిత్వ శాఖ చేతిలోనే ఉంటాయి. అదే దేశంలో నడిచే భారతీయ పాఠశాలల్లో మాత్రం బాధ్యత మూడు చోట్ల ఉంది. అనుమతి, నిబంధనలు రియాద్‌వి. సిలబస్, పరీక్షలు ఢిల్లీలోని సీబీఎస్ఈవి. రోజువారీ నడక బడిది. తెలుగు కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఈ రెండో కోవలో చదువుతారు కాబట్టి ఈ పంపకం చరిత్ర మనకు ముఖ్యం.

సౌదీలో విద్యకు మంత్రిత్వ శాఖ 1953లో ఏర్పడింది. తొలి మంత్రి, తర్వాత రాజైన ఫహద్. బాలికల విద్య 2002లోనూ, ఉన్నత విద్య 2015లోనూ అందులో కలిశాయి. ఇలా అధికారం ఒక్కచోటికి చేరుతున్న కాలంలోనే 2011లో సౌదీ ఎలక్ట్రానిక్ విశ్వవిద్యాలయం పుట్టింది. 2017లో బడుల కోసం ‘భవిష్యత్ ద్వారం’ అనే డిజిటల్ పథకం మొదలైంది.

కరోనా వల్ల 2020 మార్చి 9 నుంచి దేశమంతటా బడులు మూతపడ్డాయి. మంత్రిత్వ శాఖ తన ‘ఐన్’ ఉపగ్రహ ఛానళ్లలో పాఠాలు ప్రసారం చేసింది. ఆగస్టు 30న కొత్త విద్యా సంవత్సరం ‘మద్రసతీ’ వేదికపై మొదలైంది. ఆ మాటకు ‘నా బడి’ అని అర్థం. దాదాపు 60 లక్షల మంది విద్యార్థులకు ఒకే వేదిక. నిర్ణయించేవారు ఒక్కరే కావడం అప్పుడు నిజంగా మేలు చేసింది.

భారతీయ బడుల దారి వేరు. 1969లో మొదలైన జెద్దా పాఠశాల, రియాద్, దమ్మామ్, జుబైల్ బడులు రాయబార కార్యాలయం పోషణలో, తల్లిదండ్రుల ప్రాతినిధ్యం ఉన్న మేనేజింగ్ కమిటీలతో నడుస్తాయి. వాటి విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. సౌదీ తలుపులు మూసేసరికి పది, పన్నెండు తరగతుల బోర్డు పరీక్షలు ఇంకా పూర్తి కాలేదు. మార్చి 18న సీబీఎస్ఈ వాటిని వాయిదా వేసింది. ఏప్రిల్ 1న, విదేశాల్లోని బడులకు మిగిలిన పరీక్షలు ఇక ఉండవని ప్రకటించింది. బడి మూయమన్నది ఒక దేశం, పరీక్ష వద్దన్నది మరో దేశం.

ఆ జూలైలో సీబీఎస్ఈ 9 నుంచి 12 తరగతుల సిలబస్‌ను 30 శాతం వరకు తగ్గించింది. అదే నెలలో భారత ప్రభుత్వం ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలు ఇచ్చింది: ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు రోజుకు గరిష్ఠంగా రెండు ఆన్‌లైన్ క్లాసులు, ఆపై తరగతులకు నాలుగు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు. పిల్లల కళ్ల గురించి, అలసట గురించి ఆలోచించి రాసిన నియమమిది.

ఇన్ని ఉత్తర్వుల తర్వాత ఇంటికి మిగిలింది ఖర్చు. ఇద్దరు పిల్లలుంటే రెండు ఫోన్లో ల్యాప్‌టాప్‌లో కావాలి, ఆగని నెట్ కావాలి, చిన్నవాళ్ల పక్కన కూర్చునే పెద్దవాళ్లు కావాలి. దీనికి తోడు, ప్రవాస ఉద్యోగులు కుటుంబంలోని ఒక్కొక్కరికీ చెల్లించే ఫీజు, 2017 జూలైలో నెలకు 100 రియాళ్లతో మొదలైంది, 2020 జూలైకి 400 అయింది. అధికారాన్ని మూడు చోట్ల పంచుకున్నప్పుడు ఈ భారాన్ని ఎవరో ఒకరు తమదిగా తీసుకోవాల్సింది. చివరికి మోసింది తల్లిదండ్రులే.

2021లో సీబీఎస్ఈ పదో తరగతి పరీక్షల రద్దును ఏప్రిల్ 14న, పన్నెండో తరగతివి జూన్ 1న ప్రకటించారు. పన్నెండో తరగతి మార్కులను పది, పదకొండు, పన్నెండు తరగతుల ఫలితాల నుంచి 30:30:40 పాళ్లలో లెక్కగట్టారు. అలా బోర్డు చేయాల్సిన పనిలో పెద్ద భాగం బడి ఉపాధ్యాయులపై పడింది.

మళ్లీ తలుపులు తెరిచే మాట రియాద్‌దే. రెండు డోసుల టీకా వేసుకున్న 12 ఏళ్లు పైబడిన విద్యార్థులు 2021 ఆగస్టు 29న తరగతులకు తిరిగి వచ్చారు. చిన్నపిల్లలకు బడి 2022 జనవరి 23న తెరుచుకుంది.